ప్రమీలారాణి వీధిలో కూర్చుంది

కారేపల్లిలో ఎరువుల కొట్టు ఎవరిదని అడిగితే ఊరంతా వెంకటప్పయ్య మాస్టారిదనే చెబుతుంది. కొట్టు గోడకు వేలాడే లైసెన్సులో మాత్రం ప్రమీలారాణి పేరుంటుంది. ఈ తిరకాసుకు కారణం చిన్నదే. సర్కారు బడిలో పాఠాలు చెప్పేవాడు తన పేరు మీద వ్యాపారం నడపకూడదు. అందుకని ఇరవై రెండేళ్ల కిందట వెంకటప్పయ్య పెళ్లాం చేత నాలుగు చోట్ల సంతకాలు పెట్టించి, "పేరుకే నీది, పనంతా నేను చూసుకుంటా" అన్నాడు.

ఆయన చూసుకున్నదేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పొద్దున బడి, సాయంత్రం ఉపాధ్యాయ సంఘం, ఆదివారమైతే పెళ్లిళ్లూ పరామర్శలూ. షటర్ ఎత్తింది, దించింది, లారీ వస్తే బస్తాలు దింపించింది ప్రమీలారాణి. తండాల నుంచి ప్లాస్టిక్ కవరులో రోగమొచ్చిన ఆకు పట్టుకొచ్చిన రైతుకు అది ఏ పురుగు పనో చెప్పింది కూడా ఆమే. మందులు అమ్మేవాళ్లు డిప్లొమా చదివి తీరాలని సర్కారు పట్టుబట్టిన ఏడు, యాభై దగ్గరపడ్డ వయసులో ప్రతి ఆదివారం ఖమ్మం బస్సెక్కి, తన పిల్లల ఈడువాళ్ల పక్కన బల్ల మీద ఇరుక్కుని కూర్చుని పాఠాలు విన్నది. పరీక్ష రాసి పాసైంది. ఆ సర్టిఫికెట్ చూసి వెంకటప్పయ్య, "లైసెన్సుకు ఢోకా లేదిక" అని సంబరపడ్డాడు. నువ్వు బాగా చదివావని మాత్రం అనలేదు.

ఇన్నేళ్లలో పురుగుమందుల కంపెనీవాళ్లు డీలర్లను గోవా తీసుకెళ్లారు, మున్నార్ తీసుకెళ్లారు. రెండుసార్లూ డీలరు ప్రమీలారాణి తరఫున మాస్టారే పోయొచ్చాడు. ఈసారి వియత్నాం అన్నారు. పాస్‌పోర్టులో ఏ పేరుంటే ఆ మనిషే విమానం ఎక్కాలి. పైగా సర్కారు నౌకరు దేశం దాటాలంటే ఆఫీసు అనుమతి కావాలి. పంతులికి పురుగుమందుల వ్యాపారుల టూరులో ఏం పనని పైవాళ్లు అడిగితే మాస్టారి దగ్గర జవాబు లేదు. ఆయన రిటైర్మెంటు అక్టోబరు ముప్పై ఒకటిన. టూరు సరిగ్గా దానికి ముందు వారం.

"ఈసారికి నువ్వే పోయి రా ప్రమీలా," అన్నాడాయన, వరమిచ్చినట్టు. "ఎట్లాగూ ఇదే ఆఖరు. వచ్చే నెల నుంచి లైసెన్సు నా పేరు మీదికి మార్చుకుందాం. కాగితాలు తయారవుతున్నయి. సంతకం పెడితే నీకు ఈ చాకిరీ తప్పుద్ది."

ఆఖరు అనే మాట ప్రమీలారాణి గుండెలో ముల్లులా దిగింది. ఇన్నేళ్లు చేసింది చాకిరీ అని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. అది తన పని. ఆ కొట్టు పోతే తనకంటూ మిగిలేదేమిటో ఎంత ఆలోచించినా తోచలేదు. అయినా ఆ రోజు పెదవి విప్పకుండా బట్టలు సర్దుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో పెదవి విప్పకపోవడం ఆమెకు బాగానే అలవాటైంది.

హనోయిలో దిగిన డీలర్లు నలభై ఒక్క మంది. వాళ్లలో ఆడమనిషి ఒక్కతే. వెంట ఒక వంటమనిషి, ఆయన వెనక బియ్యం మూటలు, గోంగూర పచ్చడి జాడీలు, కందిపొడి డబ్బాలు. ఏరియా మేనేజరు నాగచైతన్యకు ముప్పై ఏళ్లుంటాయి. బస్సులో మైకు పట్టుకుని మొదట చెప్పిన మాట, రోడ్డు మీద ఏదీ ముట్టుకోవద్దని. నీళ్లు కూడా సీలు ఉన్న సీసాలోవే తాగాలట. జనమంతా బుద్ధిగా తలలూపారు. అంత దూరం విమానంలో వచ్చి, హోటల్లో నాలుగు గోడల మధ్య కూర్చుని సాంబారులో ములక్కాడ ముక్కలు నమిలారు. సాయంత్రానికి మగవాళ్ల గదుల్లో విమానాశ్రయంలో కొన్న సీసాల మూతలు ఊడాయి. కడుపు చెడుతుందనే భయం ఆ సీసాల దగ్గర ఎవరికీ రాలేదు.

ప్రమీలారాణి మాత్రం బస్సు కిటికీ వదల్లేదు. ఆ ఊళ్లో ప్రతి వీధి అంచునా చిన్న చిన్న ప్లాస్టిక్ పీటలు, మన స్నానాల గదిలో వేసుకునేంత ఎత్తువి. వాటి మీద మనుషులు మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఏదో ఒకటి తాగుతున్నారు. అందులో సగం మంది ఆడవాళ్లు. ఆఫీసు పిల్లలు, ముసలమ్మలు, కావడి దించి సేదతీరే కూరగాయలావిడ. అమ్మేవాళ్లయితే దాదాపు అందరూ ఆడవాళ్లే.

కారేపల్లిలో ఆమె కొట్టుకు ఎదురుగానే చెరుకు రసం బండి ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా దాని రసం ఆమెకు గ్లాసు మీద మూతతో కౌంటరు దగ్గరికి వస్తుంది. టీ కూడా అంతే. ఆడమనిషి కొట్లో ఎంతసేపు నిలబడి కాళ్లు వాచినా తప్పులేదు, కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటేనే తప్పు. ఈ రూలు ఎవరు పెట్టారో ఊళ్లో ఎవర్నడిగినా చెప్పలేరు. అయినా తప్పినవాళ్లు లేరు. ప్రమీలారాణీ తప్పలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం బస్సు ఒక పెద్ద చెరువు ఒడ్డున ఆగింది. అందరూ ఫోటోల్లో పడ్డారు. ఆమె చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, మోటారు సైకిళ్ల వరదలోంచి రోడ్డు దాటింది. అవతల చెరుకు రసం మిషను. దాని వెనక తన వయసు మనిషి. ఆవిడ రెండు చెరుకు గడల మధ్య నిమ్మకాయంత కూడా లేని నారింజ పండ్లు నాలుగు పెట్టి, అన్నిటినీ కలిపి మిషనులోకి తోసింది. గ్లాసు నిండా ఐసు వేసి ఇచ్చింది.

ప్రమీలారాణి పీట మీద కూర్చుంది. మోకాళ్లు కటకటమన్నాయి. ఆ అమ్మే ఆవిడ అది గమనించి నవ్వి, ఇంకో పీట తెచ్చి మొదటి పీట మీదే వేసి కాస్త ఎత్తు చేసింది. రసం తీపి నాలుక మీద నిలదొక్కుకునేలోపే పులుపు వచ్చి అందుకుంది. ఇంత చిన్న కిటుకు మనవాళ్లకు ఎందుకు తట్టలేదా అనుకుంది. మనుషులు నడుస్తున్నారు, బండ్లు పోతున్నాయి. తనను ఎవరూ చూడటం లేదు. అసలు ఎవరూ చూడకపోవడం ఎంత హాయిగా ఉంటుందో యాభై రెండేళ్లకు తెలిసింది.

ఎవరూ చూడలేదనుకోవడం ఆమె పొరపాటు. సత్తుపల్లి డీలరొకడు చెరువుకు వీపు పెట్టి మరీ ఫోటో తీసి, మాస్టారు కూడా ఉన్న డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బస్సెక్కగానే మొదలు.

"వదినగారూ, కడుపు చెడితే మాస్టారికి మేం జవాబు చెప్పుకోవాలి," అన్నాడు వెనక సీట్లోంచి.

"మీరెందుకు చెప్పుకోవాలె? నన్ను మీకు అప్పజెప్పి పంపిండ్రా?"

అతను ఫోను జేబులో పెట్టి కిటికీ వైపు తిరిగాడు.

పొద్దు గూకేసరికి వెంకటప్పయ్య ఫోను. "ఏంది ప్రమీలా గిది? ఫోటో చూసి తల తీసేసినట్టయింది. రోడ్డు మీద కూలోళ్ల లెక్క కూసుంటవా? దుకాణం పరువు ఏంగావాలె?"

"కూలోళ్లు ఎట్ల కూసుంటరో మీకెట్ల తెలుసండి? వాళ్ల పక్కన మీరెన్నడన్న కూసున్నరా?"

"మాటకు మాట నేర్చినవ్. రేపటి నుంచి అందరితోనే ఉండు. బయటిది గుక్కెడు కూడా తాగొద్దు."

ఆమె ఫోను పెట్టేసింది. రేపు రెండు రకాలు తాగాలని ఆ క్షణానే తీర్మానించుకుంది.

రెండో రోజు పొద్దున్నే హోటలు సందులో ఐసు వేసిన పచ్చి టీ తాగింది. పాలూ లేవు, చక్కెరా లేదు. మొదట కషాయమనిపించినా గొంతు దిగాక చల్లగా ఒక తియ్యదనం తేలింది. పదకొండింటికి బస్సు పాత వీధుల్లో వదిలితే, రెండో పానీయం కోసం బయల్దేరింది. ఈసారి వెనక ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు. చూస్తే పాల్వంచ విత్తనాల షాపు అబ్దుల్ సత్తార్. అరవై ఐదేళ్ల మనిషి. మన వంటమనిషి వండినా, ఆ హోటలు గిన్నెల్లో అంతకుముందు ఏ మాంసం ఉడికిందోనన్న భయంతో రెండ్రోజులుగా అరటిపండ్ల మీదే బతుకుతున్నాడు.

"నిన్న నువ్వు తాగిన ఆ చెరుకు నీళ్లు ఎట్లున్నయి చెల్లె?"

"మస్తుగున్నయి సత్తార్ భాయ్. రాండ్రి, ఇయ్యాల ఇంకోటి చూద్దాం."

ఒక మూల మీద గాజు జాడీల్లో ఉసిరికాయలంతేసి పచ్చి కాయలు చక్కెర పాకంలో మునిగి ఉన్నాయి. అక్కడా దుకాణం ఆడమనిషిదే. ఆమె వెనకాల మొగుడు బక్కెట్టు ముందు గొంతుక్కూర్చుని గ్లాసులు కడుగుతున్నాడు. మధ్యలో ఆమె ఏదో అంటే లేచిపోయి ఐసు మూట మోసుకొచ్చాడు. ఆమె రెండు కాయలు గ్లాసులో వేసి చెంచాతో చితక్కొట్టి, పాకం, అల్లం రసం, ఐసు పోసి ఇచ్చింది. సత్తార్ పీట మీదకు దిగడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి కూలబడ్డాడు.

"అరే, గింత పుల్లగ ఉన్నది," అని మొహం ముడిచి, వెంటనే ఇంకో గుక్క తాగాడు. "రెండ్రోజుల సంది సచ్చిపోయిన నాలుక లేచి కూసున్నది చెల్లె. ఆ మొగాయన్ని చూసినవా, గ్లాసులు కడుగుతున్నడు."

"కడగనీయండి భాయ్. చేతులున్నయి గదా."

ఆమె గ్లాసు సగంలో ఉండగా ఫోను మోగింది. ద్వాలి. కారేపల్లి అవతల తండాలో ఎకరన్నర మిర్చి వేస్తుంది, ఆకు మీద మచ్చ పడితే చాలు ప్రమీలారాణి దగ్గరికి పరుగెత్తుకొచ్చే మనిషి. వీడియోలో ముందు ద్వాలి మొహం, ఆ తర్వాత మిర్చి మొక్క కనిపించాయి.

"అమ్మా, ఆకు ముడుసుకపోతున్నదని కొట్టుకు పోయిన. సారు గీ సీస ఇచ్చిండు. గియ్యాల కొట్టుమన్నడు. నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్తెనే కొడ్త."

"ఆకు ఎటు ముడుసుకుంది ద్వాలీ? పైకా, కిందికా?"

"కిందికే అమ్మా. పడవ బోర్లేసినట్టు."

"సీస దగ్గరగ చూపియ్."

ద్వాలి చూపించింది. ప్రమీలారాణి చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఆ సీసాలోది పై ముడత మందు. మిర్చాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ మందులు వేరు. ఒకదాని బదులు ఒకటి కొడితే పురుగు చావదు, పదిరోజులు పోతాయి, ఆ పదిరోజుల్లో పూత రాలుతుంది. డిప్లొమా మొదటి నెలలో చెప్పిన పాఠం ఇది. నిజానికి కౌంటరు వెనక నిలబడ్డ మొదటి ఏడాదే ఆమెకు రైతులు నేర్పిన పాఠం.

"అది కొట్టకు. మూత తియ్యకు. కొట్టుకు పోయి వాపసియ్. నల్లి మందు కావాల్నని చెప్పు, కింది అరల పచ్చ మూత సీస ఉంటది."

"సారు నా మాట యింటడా అమ్మా? ఆకు తీస్కపోయిన, చూడనే లేదు. ఫోన్ల మాట్లాడుకుంటనే ఇచ్చిండు."

"యింటడు. నేను చెప్త."

వెంటనే వెంకటప్పయ్యకు వీడియో కాల్ చేసింది. ఆమె తిరిగొచ్చేదాకా బడికి సెలవు పెట్టిన ఆయన, కొట్లో ఆమె కుర్చీలోనే ఉన్నాడు, వెనక క్యాలెండరు కనిపిస్తోంది.

"ద్వాలికి పై ముడత మందిచ్చిండ్రు. ఆ చేనుకు వచ్చింది కింది ముడత."

"ముడత ముడతే గదా ప్రమీలా," అన్నాడాయన తేలిగ్గా. "పైనయితేంది, కిందయితేంది? దానికి ఇంత రాద్ధాంతమా. ద్వాలి వచ్చినాక మార్చిస్త లే."

ప్రమీలారాణికి ఒళ్లు మండిపోయింది. ఒక్క తప్పు సీసాకు కాదు ఆ మంట, అది ఎవరికైనా జరుగుతుంది. ఏడాది ఆదివారాలు, ఇరవై రెండేళ్ల ఆకులు, ఆమెకు తెలిసిన సమస్తాన్నీ ఆయన రెండు మాటల్లో తుడిచేశాడు. పైగా తుడిచానని కూడా ఆయనకు తెలియదు.

సత్తార్ అంతా విన్నాడు. గ్లాసులో మిగిలిన కాయను చెంచాతో తీసి చప్పరిస్తూ, "చెల్లె, ఆయన చేతిల కొట్టు పెడితే మీ తండాలన్నీ నా షాపుకే వస్తయి. నాకైతే మంచిదే," అన్నాడు. చెంచా పక్కన పెట్టి, "కాకపోతే ఇంట్ల లొల్లి పెట్టుకోకు. ఈ వయసుల అవసరమా?" అని కూడా అన్నాడు.

నిజమే, ఇంట్లో గొడవ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మాస్టారు అరవడు. మాట్లాడటం మానేస్తాడు, నెలల తరబడి. అన్నం ముందు పెట్టినా గోడనే చూస్తాడు. ఆ మౌనానికి భయపడే ఇన్నేళ్లుగా ఆమె ఎన్నిటికో ఊ అంది. ఇప్పుడూ ఆ భయం లోపల కదులుతూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం హోటలు హాల్లో కంపెనీ మీటింగు. బానర్లు, దండలు, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దసార్లు. ఖమ్మం జిల్లాలో అమ్మకాల్లో మొదటి స్థానం కారేపల్లి కొట్టుదే. నాగచైతన్య మైకులో, "వెంకటప్పయ్య గారి తరఫున షీల్డు అందుకోవడానికి వారి శ్రీమతి వేదిక మీదికి రావాలి," అని పిలిచాడు. చప్పట్లు మోగాయి. ఆమె వెళ్లి తీసుకుంది. షీల్డు మీద చెక్కిన పేరు చూసుకుంది. ప్రమీలారాణి అనే ఉంది. చెక్కినవాడికి తెలిసిన సంగతి పిలిచినవాడికి తెలియలేదు.

భోజనాల దగ్గర నాగచైతన్య ఒక ఫైలు పట్టుకుని పక్కన చేరాడు. "మేడం, సార్ మెయిల్ చేశారు. లైసెన్సు మార్పుకు మీ ఒప్పుదల పత్రం, వచ్చే సంవత్సరం అగ్రిమెంటు. మూడు చోట్ల సంతకం పెడితే మా పెద్దసారు ఇక్కడే అప్రూవ్ చేసేస్తారు. అరగంటలో బస్సు బయల్దేరుతుంది."

అతను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే అందరూ చేసే పని. ప్రమీలారాణి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవసాగింది. మూడో పేజీలో ఆగింది. యజమాని అన్న గడిలో వెంకటప్పయ్య పేరు. దాని కింద అర్హత గల సిబ్బంది అన్న గడిలో ప్రమీలారాణి, డిప్లొమా.

"సిబ్బంది అంటే ఏంది నాయనా?"

"జస్ట్ ఫార్మాలిటీ మేడం. సార్‌కి డిప్లొమా లేదు కదా. ఉన్న మనిషిని పనికి పెట్టుకున్నట్టు చూపిస్తే సరిపోతుంది."

"అంటే నా కొట్లో నన్ను పనికి పెట్టుకున్నడా?"

"పేపరు మీదే మేడం," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. చాకిరీ తప్పుతుందన్న మొగుడు అదే చాకిరీని కాగితం మీద రాయించి పంపాడు. ఉన్న పేరు తీసేసుకుని, చదువును మాత్రం అట్టే పెట్టుకుందామనుకున్నాడు. ఫైలు చంకలో పెట్టుకుని ఆమె హాల్లోంచి నడిచింది, మెట్లు దిగింది, రోడ్డు దాటింది.

ఎదురుగా ఒక చెట్టు నీడన పచ్చని రసం అమ్ముతున్నారు. ఈ దుకాణం పెద్దావిడ చాట నిండా కడిగిన ఆకులు పెట్టుకుని కూర్చుంది. ప్రమీలారాణి ఒక ఆకు తీసి చూసి నిలబడిపోయింది. గుండ్రంగా, అంచులు గంట్లు పెట్టినట్టు. సరస్వతాకు. కారేపల్లిలో కాలువ గట్ల మీద తడి ఉన్న చోటల్లా పాకే మొక్క. గట్టు శుభ్రం చేయాలంటూ రైతులు వస్తే దాన్ని మాడ్చే మందు ఎన్ని డబ్బాలు అమ్మిందో లెక్కేలేదు. ఇక్కడ అదే ఆకును దోసిళ్లతో మిక్సీలో వేసి, వడగట్టి, చక్కెరా ఐసూ కలిపి గ్లాసుల్లో పోస్తున్నారు. జనం వరుసలో నిలబడి తాగుతున్నారు.

ఆమె పీట లాక్కుని కూర్చుంది. మొదటి గుక్కకు పచ్చి వాసన, మట్టి వాసన. రెండో గుక్కకు అలవాటైంది. మూడో గుక్క కోసం తనే గ్లాసు ఎత్తింది.

హోటలు ముందు బస్సు నిండింది. హారను మోగింది. నాగచైతన్య పరుగున వచ్చాడు.

"మేడం, అందరూ మీ కోసమే వెయిటింగు."

"ఉండనీయ్. కూసో నాయనా, కాళ్లు నొస్తయి."

కూర్చోవాలో వద్దో తెలియక అతను చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇంతలో బస్సు మెట్లు దిగి సత్తార్ వచ్చాడు. ఆమె హాల్లోనే వదిలేసిన షీల్డును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. దాన్ని చెట్టు మొదట్లో ఆనించి, మూలుగుతూ పక్క పీట మీద కూలబడి, పెద్దావిడకు ఒక వేలు చూపించాడు. ఒక గ్లాసు అని.

ప్రమీలారాణి వీడియో కాల్ చేసింది. స్పీకరు పెట్టింది.

"ఏమండి, కాగితాలు చదివిన. లైసెన్సు మార్చుడు లేదు. సంతకం పెట్టను."

వెంకటప్పయ్య మొహం స్క్రీను మీద గట్టిపడింది. "మళ్లీ రోడ్డు మీదనే ఉన్నవా? ఆ పచ్చ నీళ్లేంది? ఎండకు తల తిరిగిందా నీకు?"

"తల సరిగనే ఉంది. సిబ్బంది గడిల నా పేరు మీరే రాయించిండ్రా?"

"పేపరు మీద మాట అది. నువ్వు ఎప్పట్లెక్కనే కూసోవచ్చు. ఏం మారుతుంది?"

"ఏం మారకపోతే ఇప్పుడున్నట్టే ఉండనీయండి."

అవతల చాలాసేపు మాట లేదు. ఆమె భయపడే మౌనం అదే. ఫోను పెట్టేస్తాడని ఎదురుచూసింది. ఆయన పెట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఆమె ఎన్నడూ వినని గొంతుతో అడిగాడు.

"ఎల్లుండి రిటైరయితున్న ప్రమీలా. తెల్లారి లేచి నేనేం చెయ్యాలె మరి?"

ఆ ప్రశ్నకు ఆమె మనసు నిజంగానే కరిగింది. ముప్పై ఏళ్ల మొగుడు, ముప్పై ఎనిమిదేళ్ల బడి. పాపం, పొద్దున్నే ఎటు పోవాలో తెలియని మనిషి బాధ ఆమెకు తెలియనిది కాదు. మొన్న ఇంట్లో బట్టలు సర్దుతూ తనూ అదే ప్రశ్న వేసుకుంది. కరిగినా, ఫైలు మీద పెట్టిన చేయి మాత్రం తీయలేదు.

"కొట్లో మనిషి కావాలె," అంది. "పొద్దున ఎనిమిదింటికి షటర్ ఎత్తాలె. లారీ వస్తే నిలబడి దింపించాలె. ఆకు చూడంది సీస ఇయ్యొద్దు. పై ముడత, కింది ముడత నేను నేర్పుత. ఇష్టమైతే చేరండి."

"నా భార్య దగ్గర నేను పనికి కుదరాల్నా?"

"ఇరవై రెండేండ్ల సంది నేను మీ దగ్గర కుదిరిన్నని ఊరంతా అనుకుంటున్నది. నాకేం కాలే."

"ఊర్ల ఏమనుకుంటరు?"

"మాస్టారు పనికి కుదిరిండు అనుకుంటరు."

సత్తార్ నవ్వు ఆపుకోలేక గ్లాసులో మొహం దాచుకున్నాడు. ఆకుపచ్చ నురగ ఆయన మీసాలకు అంటింది. వెంకటప్పయ్య తల తిప్పి కొట్టు బయటికి చూశాడు. "ద్వాలి వచ్చింది, బయట నిలబడ్డది," అన్నాడు మెల్లగా.

"ఆకు తెచ్చిందా?"

"తెచ్చింది."

"చేతిలకు తీసుకొని చూడండి ముందు," అని ఫోను పెట్టేసింది.

నాగచైతన్య వైపు చేయి చాపితే అతను పెన్ను ఇచ్చాడు. ఒప్పుదల పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి గ్లాసు కింద పెట్టింది. అగ్రిమెంటు మూడో పేజీ మోకాలి మీద పరుచుకుని, యజమాని గడిలో వెంకటప్పయ్య పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, ప్రమీలారాణి అని రాసింది. సిబ్బంది గడిలో తన పేరు కొట్టేసి, వెంకటప్పయ్య అని రాసి, పక్కన కుండలీకరణం తెరిచి, డిప్లొమా లేదు, నేర్చుకుంటాడు అని చేర్చింది. కింద సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చింది.

అతను కాగితం చూసి బిక్కమొహం వేశాడు. "మేడం, కొట్టివేతలుంటే పెద్దసారు ఒప్పుకోరు. కొత్తది తయారు చేయాలంటే హైదరాబాదు నుంచి రావాలి. బస్సు కూడా..."

"జిల్లాల మొదటి డీలరును నేనేనా కాదా?"

"మీరే మేడం."

"అయితే మీ పెద్దసారును ఇక్కడికే రమ్మను," అని ప్రమీలారాణి పెద్దావిడకు రెండో గ్లాసు కోసం సైగ చేసింది. "పీటలు చాలానే ఉన్నయి."